పన్నెండో జెర్సీ ఎవరికివ్వాలి?

కోటగుమ్మం, విజయనగరం:

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే గానీ దాని వెనక కథ కాస్త పొడుగు. ఓపికుంటే చదవండి.

మాకిక్కడ ఒక బాస్కెట్‌బాల్ టౌన్ టీమ్ ఉంది. క్లబ్బు, కమిటీ అనేంత సీను లేదు. కాలేజీ గ్రౌండ్‌లో ఒక సిమెంటు కోర్టు, రెండు రింగులు, అందులో ఒకదానికే వల. పొద్దున్న ఆరింటికి కుర్రాళ్లు దిగుతారు, ఎండ నెత్తికెక్కేలోపు ఆడేసి కాలేజీకో పనికో పోతారు. నాకు గంటస్తంభం దగ్గర ఎలక్ట్రికల్ షాపు. ఒకప్పుడు ఆడాను, ఇప్పుడు మోకాలు ఒప్పుకోవడం లేదు. అందుకని కోచ్, మేనేజర్, బంతికి గాలి కొట్టేవాడు, ముగ్గురూ నేనే. వచ్చే నెల రాజమండ్రిలో టోర్నమెంట్. పన్నెండు మంది పేర్లు పంపాలి. పదకొండు రాసేశాను. పన్నెండో గడి ఖాళీగా ఉంది, దానికి ఇద్దరున్నారు. పేర్లు వద్దు, జెర్సీ నంబర్లతో చెప్తాను.

తొమ్మిదో నంబర్ షూటర్. చూడముచ్చటైన చెయ్యి. మొన్న పార్వతీపురం కుర్రాళ్లతో ఫ్రెండ్లీ ఆడితే 22 కొట్టాడు. ఆ మ్యాచ్ మేం 61-58తో ఓడిపోయాం. ఎందుకంటే వీడు కాపలా కాయాల్సిన కుర్రాడు 26 కొట్టాడు. వీడు షాట్ వేశాక అక్కడే నిలబడి, చెయ్యి గాల్లోనే ఉంచి, బంతి పడిందా లేదా అని చూసుకుంటాడు. ఈలోగా అవతలివాడు మన రింగు కిందికి చేరిపోయి చెయ్యెత్తి బంతి అడుగుతుంటాడు.

పద్నాలుగో నంబర్ బొబ్బిలి నుంచి పొద్దున్న బండికి వస్తాడు. వాడి షాట్ చూస్తే మీకు జాలేస్తుంది, మోచెయ్యి ఒక దిక్కు, బంతి ఒక దిక్కు. మ్యాచ్‌కి నాలుగు పాయింట్లు వస్తే పండగే. కానీ వాడు కాపలా కాస్తుంటే చూడాలి. బంతి వంక చూడడు, ఎదుటివాడి నడుం వంక చూస్తాడు. కళ్లతో, భుజంతో ఎంతైనా మోసం చెయ్యొచ్చు గానీ నడుం తిరిగిన వైపే మనిషి పోవాలి కదా. కాళ్లు అడ్డం పడనివ్వకుండా పక్కపక్కకే జరుగుతూ వాణ్ణి సైడ్‌లైన్ దాకా తోలుకుపోతాడు, ఇక అక్కడ వాడికి పాస్ ఇవ్వడం తప్ప దారుండదు. వెనక నుంచి స్క్రీన్ (దారికి అడ్డంగా నిలబడే అవతలి ఆటగాడు) వస్తుంటే "ఎడమ, ఎడమ" అని గొంతు చించుకుని చెప్పేవాడు టీమ్ మొత్తం మీద వీడొక్కడే. మిగతా అందరూ మౌనవ్రతం.

నాకు పద్నాలుగు వైపే మనసు లాగుతోంది. కానీ టీమ్ వాట్సాప్ గ్రూపులో ఈ మాట అనగానే ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) గొడవ లేచింది. మాలో సగం మంది పొద్దున్న ఐదున్నరకే ఫోన్లో ఎన్‌బీఏ చూసి, ఆ కళ్లతోనే కోర్టుకొస్తారు. 2025 ఎంవీపీ (సీజన్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు) షే గిల్జస్-అలెగ్జాండర్‌కి ఇచ్చినప్పటి నుంచీ గ్రూపు రెండు ముక్కలైంది. ఒక పార్టీ వాదన: మ్యాచ్‌కి 32.7 పాయింట్లు కొట్టాడు, ఆయన టీమ్ ఓక్లహామా 68 మ్యాచ్‌లు గెలిచింది, ఇంకేం కావాలి? రెండో పార్టీ వాదన: యోకిచ్ మ్యాచ్‌కి 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు (తప్పిన షాట్లు అందుకోవడం), 10.2 అసిస్టులు (బాస్కెట్‌కి దారితీసిన పాసులు) చేశాడు, సీజన్ మొత్తం ట్రిపుల్ డబుల్ (ఇలా మూడింట్లోనూ రెండంకెల) సగటు చేసినవాళ్లు ఆయనకి ముందు ఆస్కార్ రాబర్ట్‌సన్, వెస్ట్‌బ్రూక్ ఇద్దరే, డెన్వర్ నుంచి ఆయన్ని తీసేస్తే ఏం మిగులుతుంది? ఇప్పుడు ఒకళ్లు తొమ్మిదిని షే అంటున్నారు, ఇంకొకళ్లు పద్నాలుగుని యోకిచ్ అంటున్నారు. పద్నాలుగుకి యోకిచ్‌తో ఉన్న పోలిక ఇద్దరూ ఎగరలేరన్నదొక్కటే.

ఇది చాలదన్నట్టు పేపర్. ఆ ఓడిన మ్యాచ్‌కి కూడా జిల్లా ఎడిషన్‌లో మూలన చిన్న వార్త పడింది, "22 పాయింట్లతో సత్తా చాటిన" అంటూ తొమ్మిది పేరు. ఆ కటింగ్‌ని వాడి మేనమామ గారు లామినేషన్ చేయించారు. ఆ మేనమామ గారే ఈసారి మా జెర్సీలకి డబ్బిస్తున్నారు. పరిస్థితి అర్థమైందనుకుంటాను.

ఆటగాడి విలువ మీరు దేన్ని బట్టి లెక్కగడతారు? మేనమామ సంగతి పక్కన పెట్టి చెప్పండి, కుదిరితే అది కూడా కలిపి చెప్పండి.


డాంచిచ్ భక్తుడు, చీపురుపల్లి:

అన్నా, ఇందులో ఆలోచించడానికేముంది? తొమ్మిదికే ఇవ్వండి. ఎక్కువ పాయింట్లు కొట్టినవాళ్లు గెలిచే ఆట ఇది, తక్కువ ఇచ్చినవాళ్లకి అదనంగా మార్కులేం వెయ్యరు. కాపలా కాయడం నేర్పితే వస్తుంది. చెయ్యి పుట్టుకతో రావాలి.

మీరు చేస్తున్న పనే డల్లాస్‌లో ఒకాయన చేశాడు. లూకా డాంచిచ్ డల్లాస్ టీమ్‌ని 2024 జూన్‌లో ఫైనల్స్‌కి తీసుకెళ్లాడు. ఆ సీజన్ మ్యాచ్‌కి 33.9 కొట్టి లీగ్‌లోనే మొదటివాడు. వయసు పాతికేళ్లు. అలాంటివాణ్ణి 2025 ఫిబ్రవరిలో లేకర్స్‌కి ఇచ్చేసి, బదులు ఆంథోనీ డేవిస్, మ్యాక్స్ క్రిస్టీ, 2029 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లని జట్లు వరసగా ఎంచుకునేది) మొదటి రౌండ్ పిక్ ఒకటి తెచ్చుకున్నారు. ఎందుకయ్యా అంటే డిఫెన్స్‌తోనే చాంపియన్‌షిప్‌లు వస్తాయన్నాడు జనరల్ మేనేజర్ నికో హారిసన్. ఎన్‌బీఏ విలేకరి షామ్స్ చరానియా ఆ వార్త పెట్టినప్పుడు ఆయన అకౌంట్ ఎవడో హ్యాక్ చేశాడనుకున్నారు జనం. నేనూ అదే అనుకుని ఫోన్ పక్కన పడేసి చద్దన్నం తిన్నాను. తిరిగి చూస్తే నిజం.

తర్వాతేమైంది? డేవిస్ డల్లాస్ తరఫున ఆడిన మొదటి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు. ఏప్రిల్‌లో లూకా అదే డల్లాస్ కోర్టుకొచ్చి 45 కొట్టాడు. నవంబర్‌లో హారిసన్ ఉద్యోగం ఊడింది. మధ్యలో 1.8 శాతం అవకాశంతో డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ లాటరీ తగిలి కొత్త కుర్రాడు కూపర్ ఫ్లాగ్ దొరికాడు కాబట్టి సరిపోయింది. మీకు ఏ లాటరీ తగుల్తుంది అన్నా? బొబ్బిలి బండి లేటైతే ఆ పద్నాలుగు కూడా ఉండడు.

టీవీల్లో కూర్చున్నవాళ్లు లూకా పొట్ట మీద గంటలు గంటలు మాట్లాడారు. పొట్టతో కొట్టలేదుగా, చేత్తో కొట్టాడు.


పాత విజిల్, శ్రీకాకుళం:

బాబూ కోటగుమ్మం, నేను పీఈటీగా చేసి రిటైరయ్యాను. పిల్లల జట్లు తీసుకుని జిల్లాలు తిరిగినవాణ్ణి కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. రెండంటే రెండే రాస్తానని మాట ఇవ్వను.

ముందు లెక్క సంగతి. స్కోర్ టేబుల్ దగ్గర రాసే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) షీట్ నువ్వు చూసే ఉంటావు. బాస్కెట్ పడితే అంకె మీద అడ్డగీత, ఫ్రీ త్రో పడితే చుక్క, మూడు పాయింట్లదైతే కొట్టినవాడి నంబర్ చుట్టూ సున్నా. ఫౌళ్లకో వరస, టైమౌట్లకో వరస. ఎవడు కొట్టాడో అందులో దొరుకుతుంది. కొట్టినప్పుడు కోర్టులో మిగతా నలుగురు ఎవరో దొరకదు. అవతలివాడు కొట్టినప్పుడు ఎవడి కాపలాలో కొట్టాడో అసలే దొరకదు. ఆ షీట్ ముందు పెట్టుకుని జట్టు ఎంచితే తొమ్మిదో నంబర్లే వస్తారు. అందులో వింతేం లేదు.

నేను పక్కన ఒక రూళ్ల నోటుబుక్ పెట్టుకునేవాణ్ణి. మార్పు జరిగినప్పుడల్లా అడ్డంగా ఒక గీత. గీత కింద కోర్టులో ఉన్న ఐదుగురి నంబర్లు, అప్పటి స్కోరు. అంతే. ఇంటికెళ్లాక ఒక్కో గీతకీ గీతకీ మధ్య తేడా తీస్తే, మనకి 8 వచ్చి వాళ్లకి 3 వస్తే ఆ ఐదుగురికీ తలా ప్లస్ 5. ఐదారు మ్యాచ్‌లు రాస్తే కొన్ని పేర్లు నీకు తెలియకుండానే పైకి తేలతాయి. ఇప్పుడు దీన్ని ప్లస్-మైనస్ అంటున్నారు, ప్రతి ఎన్‌బీఏ బాక్స్ స్కోర్‌లోనూ ఉంటుంది. రాసే పని బెంచి మీద కూర్చున్న కుర్రాడికి అప్పగించు. వాడికి ఆట అర్థమవుతుంది, సెల్ ఫోన్ జేబులో ఉంటుంది.

చీపురుపల్లి తమ్ముడూ, నువ్వు డల్లాస్ చెప్పావు, నేను 2015 ఫైనల్స్ చెప్తాను. క్లీవ్‌లాండ్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ ఆ సిరీస్‌లో మ్యాచ్‌కి 35.8 పాయింట్లు, 13.3 రీబౌండ్లు, 8.8 అసిస్టులు. ఫైనల్స్ ఎంవీపీ మాత్రం వారియర్స్ ఆటగాడు ఇగ్వొడాలాకి ఇచ్చారు, ఆయన సగటు 16.3. రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా మొదటి ఐదుగురిలో లేనివాడు. వారియర్స్ 2-1తో వెనకబడ్డాక నాలుగో మ్యాచ్ నుంచి మొదటి ఐదుగురిలోకి తెచ్చారు, ఇక ఓడలేదు. పదకొండు మంది మీడియావాళ్లలో ఏడుగురు ఆయనకి, నలుగురు లెబ్రాన్‌కి ఓటేశారు. నన్నడిగితే నేనూ లెబ్రాన్‌కే వేసేవాణ్ణి. తన జట్టులోని ఇర్వింగ్, లవ్ ఇద్దరూ దెబ్బలు తగిలి కూర్చుంటే రెండు మ్యాచ్‌లు ఒంటిచేత్తో గెలిపించాడు మరి. కానీ ఆ ఏడుగురు చూసింది కూడా ఆటే. లెబ్రాన్‌ని ఆ మాత్రమైనా కష్టపెట్టింది ఎవరో చూశారు.

ఇక మేనమామ గారు. మీ ఊళ్లో విజ్జీ స్టేడియం ఉంది కదా, ఆ విజ్జీ కథ తెలిసే ఉంటుంది. విజయనగరం మహారాజ్‌కుమార్, 1936లో ఇంగ్లండ్ వెళ్లిన మన క్రికెట్ జట్టుకి కెప్టెన్. ఆ జట్టులో సి.కె.నాయుడు ఉన్నాడు, విజయ్ మర్చంట్ ఉన్నాడు, ముస్తాక్ అలీ ఉన్నాడు. కెప్టెన్ మాత్రం విజ్జీ. మూడు టెస్టుల్లో ఆయన ఆరు ఇన్నింగ్స్ ఆడి 33 పరుగులు చేశాడు, సిరీస్ 2-0తో పోయింది. మన దేశానికి తొలి టెస్టు సెంచరీ కొట్టిన లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టు కూడా ఆడనివ్వకుండా క్రమశిక్షణ పేరు చెప్పి ఓడెక్కించి ఇంటికి పంపేశారు. ఆయన ఆటకి చేసిన మేలు లేదనను. సొంత డబ్బు పోసి హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటివాళ్లని ఇక్కడికి రప్పించి ఆడించిన మనిషి. డబ్బు పెట్టినవాడికి స్టేజి మీద దండ వెయ్యాలి, అది న్యాయం. జట్టు జాబితా ఆయన చేతికివ్వాల్సిన పని లేదు.

మీ మేనమామ గారికి కుర్చీ, దండ, మైకు మూడూ ఏర్పాటు చెయ్యి. పన్నెండో గడి నీ దగ్గరే ఉంచుకో.


నాలుగు లైన్ల విలేకరి, విజయనగరం:

మీరంతా తిడుతున్న ఆ పేపర్లవాళ్లలో నేనొకణ్ణి. మాది లైన్ అకౌంట్ బతుకు, రాసిన లైన్ల లెక్కనే డబ్బు. మా వైపు నుంచి కూడా వినండి.

లోకల్ మ్యాచ్‌కి నేను స్వయంగా వెళ్లగలిగేది ఎప్పుడో గానీ కుదరదు. అదే పొద్దున్న ఒక ధర్నా, ఒక యాక్సిడెంట్, ఎమ్మెల్యే గారి శంకుస్థాపన ఉంటాయి. సాయంత్రానికి నిర్వాహకులు వాట్సాప్‌లో మ్యాటర్ పంపిస్తారు. అందులో మొదటి పేరా మొత్తం ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి. రెండో పేరాలో ఆటల వల్ల ఆరోగ్యం అని అతిథి గారి సందేశం. ఎవరు గెలిచారో మూడో పేరాలో ఉంటుంది, కొన్నిసార్లు ఉండదు, ఫోన్ చేసి కనుక్కోవాలి. ఫొటోలో పదిమంది పెద్దలు వరసగా నిలబడి ఉంటారు, కప్పు పట్టుకున్న కుర్రాడి చెయ్యి మాత్రం కనపడుతుంది. డెస్క్‌లో దానికి కత్తెర పడి నాలుగు లైన్లు మిగులుతాయి. ఆ నాలుగు లైన్లలో నేను ఒక ఆటగాడి పేరు ఇరికించగలిగితే, చేతిలో ఉన్న అంకె పాయింట్లదొక్కటే. "సైడ్‌లైన్ వైపు తోలుకుపోవడంలో సత్తా చాటిన" అని రాస్తే సబ్ ఎడిటర్ నాకు ఫోన్ చేసి ఒంట్లో బాగుందా అని అడుగుతాడు.

కోటగుమ్మం గారూ, మ్యాచ్ అయ్యాక స్కోరుతో పాటు ఒక లైన్ మీరే రాసి పంపండి. "పార్వతీపురం టాప్ స్కోరర్‌ని రెండో సగంలో నాలుగు పాయింట్లకే కట్టడి చేశాడు" అని అంకెతో సహా ఇస్తే నేను వేయిస్తాను. అంకె లేకుండా "బాగా ఆడాడు" అంటే కత్తెరకి బలి.

ఎన్‌బీఏ ఓట్ల సంగతి కూడా చెప్తాను, అదీ మా వృత్తే కదా. ఎంవీపీకి వందమంది మీడియావాళ్లు ఓటేస్తారు. ఒక్కొక్కరు ఐదు పేర్లు వరసగా రాయాలి, 10, 7, 5, 3, 1 చొప్పున పాయింట్లు. 2025లో షేకి మొదటి స్థానం ఓట్లు 71, యోకిచ్‌కి 29. లెక్క వేసి చూడండి. షేకి 710కి 203 కలిపితే 913, యోకిచ్‌కి 290కి 497 కలిపితే 787, సరిగ్గా ప్రకటించిన అంకెలే. అంటే ఒక్క ఓటరు కూడా ఈ ఇద్దరి మధ్య మూడోవాణ్ణి దూర్చలేదు. మీ గ్రూపు రెండు ముక్కలైంది గానీ వాళ్లందరికీ మొదటి రెండు పేర్ల మీద అనుమానమే లేదు.

పైగా ఎవరు ఎవరికేశారో తర్వాత బయటపెడతారు. 2013లో ఓటర్లు 121 మంది, లెబ్రాన్‌కి 120 మొదటి స్థానం ఓట్లు వచ్చాయి. మిగిలిన ఒక్కటీ బోస్టన్ గ్లోబ్‌లో రాసే గ్యారీ వాష్‌బర్న్ కార్మెలో ఆంథోనీకి వేశాడు. దేశమంతా తిట్టింది. ఆయన దాక్కోలేదు. మయామీలో లెబ్రాన్ పక్కన వేడ్, బాష్ ఉన్నారు, న్యూయార్క్‌లో కార్మెలో లేకపోతే ఆ టీమ్ లేదు అని కారణం రాసి పెట్టాడు. ఒప్పుకోకపోవచ్చు. నేనైతే ఆ ధైర్యానికి నమస్కారం పెడతాను. ఓటు తేలిగ్గా తీసుకునేది కూడా కాదు, ఆల్-ఎన్‌బీఏ జట్లకి (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాళ్ల జట్లు) ఓటేసేదీ మీడియానే, దాన్ని బట్టి జీతం మారుతుంది. 2021లో జేసన్ టేటమ్‌కి ఆ జట్లలో చోటు రాక దాదాపు 3 కోట్ల డాలర్లు పోయాయి. నా నాలుగు లైన్ల వల్ల ఎవరికీ అంత నష్టం రాలేదు, ఒక లామినేషన్ ఖర్చు తప్ప.


ఎడమచేతి లేఅప్, శ్రీకాకుళం:

విజిల్ మాస్టారి నోటుబుక్ చూస్తే ముచ్చటేసింది. మాకు అలా రాసేవాళ్లుంటే బాగుండేది. నేను యూనివర్సిటీ దాకా ఆడాను. ఒక సెలక్షన్‌లో మమ్మల్ని గోడ పక్కన నిలబెట్టి ఎత్తు చూశారు, బంతి ఇవ్వకముందే సగం జాబితా అయిపోయింది. పొడుగమ్మాయి వచ్చింది, పాస్ అందుకోవడం రాదు, నేను బ్యాగు సర్దుకున్నాను. కాబట్టి అంకెలు రాసేవాళ్లంటే నాకు గౌరవమే.

కానీ మాస్టారూ, ఆ లెక్కలో ఒక గుంట ఉంది, అన్నయ్య అందులో పడకూడదు. పద్నాలుగు ఎవరితో కలిసి కోర్టులో ఉంటాడు? టీమ్‌లో బెస్ట్ పాయింట్ గార్డ్ (ఆట నడిపించేవాడు) ఉన్నప్పుడే వీడూ ఉంటే, ఆ గార్డ్ పుణ్యం వీడి ఖాతాలో పడుతుంది. తొమ్మిదిని ఎప్పుడు దింపుతున్నారు? స్కోరు వెనకబడ్డాక, అవతల వాళ్ల మొదటి ఐదుగురూ ఊపు మీదున్నప్పుడు దింపితే, పాపం వాడికి మైనస్ రాక ఏమవుతుంది? నోటుబుక్‌లో ఇద్దర్నీ విడదీసి చూడండి: పాయింట్ గార్డ్ బెంచి మీద ఉన్నప్పుడు పద్నాలుగు ఎంత, తొమ్మిది ఎంత. తక్కువ నిమిషాలే దొరుకుతాయి. తక్కువ నిమిషాల లెక్కని గట్టిగా నమ్మకూడదు, అదొకటి మళ్లీ.

అసలు మీరెవరూ అడగని ప్రశ్న ఒకటుంది. పన్నెండోవాడు ఎన్ని నిమిషాలు ఆడతాడు? ఎన్‌బీఏలో 48 నిమిషాలు, ఆరు ఫౌళ్లు. మనకి 40 నిమిషాలు, ఐదు ఫౌళ్లు. పన్నెండోవాడికి మామూలుగా మూడు నాలుగు నిమిషాలు వస్తే గొప్ప. కాబట్టి ఇద్దరిలో ఎవడు మంచి ఆటగాడు అన్న ప్రశ్న కన్నా, ఆ నాలుగు నిమిషాలు ఏ పరిస్థితిలో వస్తాయన్నది చూడండి. మీ పదకొండు మందిలో బయటి నుంచి కొట్టేవాళ్లు ఎంతమంది? అవతలి పాయింట్ గార్డ్‌ని ఆపగలిగేవాళ్లు ఎంతమంది? ఎవరు తక్కువైతే వాణ్ణి తీసుకోవాలి. ఇంట్లో ఆరు గరిటెలుండి ఒక్క పట్టకారు లేకపోతే ఏడో గరిటె కొనరు కదా.

అలెక్స్ కరూసోని చూడండి. 2016లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 2020లో లేకర్స్‌తో ఒక చాంపియన్‌షిప్, 2025లో ఓక్లహామాతో ఇంకొకటి. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో (రెగ్యులర్ సీజన్ అయ్యాక జరిగే నాకౌట్ పోటీలు) డెన్వర్‌తో ఏడో మ్యాచ్‌లో యోకిచ్ కన్నా అంత పొట్టివాడు, ముందుకొచ్చి నిలబడి బంతి తేలిగ్గా అందనివ్వలేదు. ఓక్లహామా 125-93తో గెలిచింది. ఇది చూపించి మీ గ్రూపులో ఎవరైనా "అందుకే షేకి ఎంవీపీ" అంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ ఓట్లు ప్లేఆఫ్స్ మొదలవ్వకముందే వేసేస్తారు, రెగ్యులర్ సీజన్‌కే లెక్క. నా ఓటు అడిగితే యోకిచ్. 2014లో 41వ పిక్‌గా ఆయన్ని తీసుకున్నప్పుడు టీవీలో తినుబండారాల యాడ్ నడుస్తోంది, పేరు కింద పట్టీలో వెళ్లిపోయింది. మీడియా చూపు గురించి ఇంకేం చెప్పాలి.

ఇంకొకటి. బెంచి మీద కూర్చోవడం ఎవరికి వచ్చో కూడా చూడండి. ఆడించకపోతే తువ్వాలు నెత్తిన కప్పుకుని కూర్చునేవాడు ఒక్కడుంటే మిగతా పదకొండు మందికీ తలనొప్పి.


కోటగుమ్మం, విజయనగరం:

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు, ముఖ్యంగా మాస్టారికి, చెల్లికి.

షాపులో ఖాళీ దొరికినప్పుడల్లా కుర్రాళ్లు తీసిన పాత వీడియోలు పెట్టుకుని నోటుబుక్ లెక్క వేశాను. చెల్లెమ్మ అనుమానం నిజమే. ఆరో నంబర్ మా పాయింట్ గార్డ్. వాడితో కలిసి ఉన్నప్పుడు పద్నాలుగు ప్లస్ బ్రహ్మాండంగా ఉంది, వాడు కూర్చున్నాక సగానికి పడిపోయింది. తొమ్మిది విషయంలో ఇంకో సంగతి బయటపడింది. వాడు మరీ నేననుకున్నంత నష్టమేం కాదు, జోన్ (ఎవరి చోటు వాళ్లు కాయడం) ఆడుతున్నప్పుడు. మ్యాన్ టు మ్యాన్‌కి (ఒక్కొక్కరు ఒక్కొక్కణ్ణి కాయడం) మారితేనే గేటు తెరుచుకుంటోంది. రాజమండ్రిలో మా మొదటి మ్యాచ్ పడే జట్టు జోన్‌ని బయటి నుంచి కొట్టి చెదరగొడుతుంది, మేం మ్యాన్ టు మ్యాన్ ఆడక తప్పదు. పైగా జాబితా మళ్లీ చూసుకుంటే నలుగురు షూటర్లున్నారు, గార్డ్‌ని ఆపేవాడు ఆరో నంబర్ ఒక్కడే, వాడికి రెండో క్వార్టర్‌కే మూడు ఫౌళ్లు పడతాయి. కాబట్టి పట్టకారే. పద్నాలుగు పేరు రాసేశాను. తొమ్మిదికి కోర్టులోనే పక్కకి పిలిచి చెప్పాను. ముఖం మాడ్చుకున్నాడు గానీ మర్నాడు ఆరింటికే వచ్చాడు. షాట్ వేసి వెనక్కి పరిగెత్తాడు కూడా, మొదటి పది నిమిషాలు.

విలేకరి గారూ, అంకెతో లైన్ నేను పంపిస్తాను, అతిథుల పేర్లు లేకుండా. కత్తెర పడితే మీ పూచీ.

మేనమామ గారి దగ్గరికి భయంభయంగానే వెళ్లాను. టీ తెప్పించారు. విజ్జీ కథ మొదలుపెట్టి సగంలో ఆపేశాను, మరీ తెగింపుగా ఉంటుందని. సంగతి చెప్తే కాసేపు గడ్డం నిమురుకుని ఆయన అడిగింది ఒక్కటే: "జెర్సీ వీపు మీద మా షాపు పేరు ఉంటుందా ఉండదా?" ఉంటుందన్నాను. "ఫోన్ నంబర్ కూడా వెయ్యించండి" అన్నారు. అదొకటి ఇప్పుడు కొత్త సమస్య, వీపు మీద పది అంకెలు పడితే జెర్సీ నంబర్ ఏదో రెఫరీకి కనపడదు.


డాంచిచ్ భక్తుడు, చీపురుపల్లి:

సరే అన్నా, మీ ఇష్టం. మొదటి మ్యాచ్ ఓడితే మాత్రం డల్లాస్‌లో "ఫైర్ నికో" అని అరిచినట్టు రాజమండ్రిలో మీ పేరు పెట్టి అరుస్తాం. పది మందిమి వస్తున్నాం.


కోటగుమ్మం, విజయనగరం:

రండి తమ్ముడూ, అరవండి. రైలు టికెట్లు ఎవరివి వాళ్లవే. వచ్చేటప్పుడు మీలో ఒకడు రూళ్ల నోటుబుక్ తెచ్చుకుంటే ప్లస్-మైనస్ రాసే పని ఇస్తాను.